టెర్మినల్ విస్తరణలో కొత్త బ్యాగేజ్ సిస్టమ్: డ్రాయింగ్ దశ నుంచి మొదటి విమానం దాకా

టెర్మినల్ విస్తరణలో బ్యాగేజ్ పని చేతికొచ్చిన ఇంజినీర్లు, సైట్ సూపర్‌వైజర్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. బెల్టులు బిగించడం తెలుసు, మొత్తం సిస్టమ్‌ను ఏ వరుసలో పూర్తి చేస్తే ఆఖర్లో ఇరుక్కోకుండా ఉంటాం అని. ఈ మార్గదర్శి ఆ వరుస గురించే.

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం లాంటి చోటును మనసులో పెట్టుకుని రాశాం. ఒక పక్క విమానాలు తిరుగుతూనే ఉంటాయి, ఇంకో పక్క కొత్త భవనం లేస్తుంటుంది, ప్రయాణికుల్లో యాత్రికులే ఎక్కువ. లెక్కల్లోని అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి. మీ షెడ్యూలు పెట్టి మళ్లీ కట్టుకోండి.

ముందే ఒక మాట. బెల్టు పాడైపోయి ప్రారంభం ఆగిపోవడం అరుదు. సివిల్‌కూ బెల్టుకూ మధ్య, బెల్టుకూ స్కానర్‌కూ మధ్య, స్కానర్‌కూ విమానసంస్థ కంప్యూటర్‌కూ మధ్య ఉండే అతుకుల దగ్గర ఆగుతుంది. అందుకే కింద ఏ కంపెనీ బెల్టు కొనాలన్న చర్చ లేదు. అతుకులూ పరీక్షలే ఎక్కువ.

1. ముందు బ్యాగులు లెక్కపెట్టండి

కన్సల్టెంట్ ఇచ్చే 'గంటకు ఇన్ని బ్యాగులు' అన్న ఒక్క అంకెతో మొదలుపెట్టొద్దు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మీరే కట్టి చూసుకోండి.

ఒక రద్దీ గంటలో 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320లు రెండు, 232 సీట్ల ఏ321 ఒకటి, 78 సీట్ల ఏటీఆర్ ఒకటి బయలుదేరతాయనుకుందాం. మొత్తం 682 సీట్లు. 90 శాతం నిండితే 614 మంది. మనిషికి సగటున 0.8 బ్యాగు చొప్పున గంటకు సుమారు 490.

ఇక్కడితో ఆపితే సిస్టమ్ చిన్నదైపోతుంది. బ్యాగులు గంటంతా సమానంగా రావు. కొండ మీద నుంచి ఒక బస్సు దిగితే 40 మంది ఒకేసారి కౌంటర్ ముందుంటారు. అందుకని 10 నిమిషాల లెక్క తీయండి. సగటున 10 నిమిషాలకు 82 బ్యాగులు. దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 123, అంటే గంటకు 740 వేగం. మీ లైను తట్టుకోవాల్సింది ఈ 740ని.

తర్వాత పాత టెర్మినల్‌లో కౌంటర్ల దగ్గర ఒక వారం సర్వే చేయించండి. కనీసం 500 బ్యాగులు చూడాలి. రాసుకోవాల్సినవి:

- పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు (ఒక్కో బ్యాగుకు విమానసంస్థల గరిష్ఠ పరిమితి సాధారణంగా 32 కిలోలు)
- రకం: చక్రాల సూట్‌కేస్, మెత్తటి డఫెల్, వీపు సంచి, తాడు కట్టిన అట్టపెట్టె, గుడ్డ సంచి
- వేలాడే పట్టీలు, తాళ్లు, విడి చక్రాలు ఉన్నాయా
- ట్రేలో పెడితే తప్ప బెల్టు మీద పోనివి ఎన్ని
- లోపల నెయ్యి మిఠాయిలు, ఇత్తడి విగ్రహాలు, దీపపు కుందులు ఎన్నింటిలో ఉన్నాయి

ఆఖరి గీత సరదాకు రాయలేదు. దట్టమైన తినుబండారాలు, మందపాటి లోహం స్కానర్‌కు అనుమానం కలిగించే వాటిలో ముందుంటాయి. లడ్డూ డబ్బాలు, ఇత్తడి విగ్రహాలు నిండుగా ఉన్న బ్యాగుల ఊళ్లో యంత్రం 'మళ్లీ చూడండి' అనే శాతం కేటలాగులో రాసినదాని కంటే ఎక్కువే ఉంటుందని పెట్టుకోవాలి.

2. స్క్రీనింగ్‌ను బెల్టు పొడవుగా మార్చండి

ఇన్‌లైన్ స్క్రీనింగ్‌లో బ్యాగు మొదట యంత్రంలోంచి పోతుంది. యంత్రం అనుమానిస్తే ఆ చిత్రం స్క్రీనర్ ముందుకొస్తుంది. ఆయనకూ తేలకపోతే బ్యాగు ఇంకో విడత గట్టి తనిఖీకి మళ్లుతుంది. అక్కడా తేలకపోతే ప్రయాణికుణ్ణి పిలిచి తెరుస్తారు. ఏ దశలో ఏ యంత్రం, ఎవరి బాధ్యత అన్నది బీసీఏఎస్ (పౌర విమానయాన భద్రతా బ్యూరో) ఆమోదంతోనే ఖరారవుతుంది. ఆ ఆమోదం రాకుండా లేఅవుట్ ఖరారు చేయొద్దు.

స్క్రీనర్ చిత్రం చూస్తున్నంతసేపూ బ్యాగు బెల్టు మీద కదులుతూనే ఉంటుంది. ఆయనకు 40 సెకన్లు ఇచ్చారు, బెల్టు వేగం సెకనుకు అర మీటరు అనుకుంటే, స్కానర్ నుంచి మళ్లించే డైవర్టర్ దాకా కనీసం 20 మీటర్లు ఉండాలి. భవనంలో 14 మీటర్లే దొరికిందంటే 28 సెకన్లకే నిర్ణయం కావాలి. నిర్ణయం రాని ప్రతి బ్యాగూ గట్టి తనిఖీకి పోయి అక్కడ గుట్టపడుతుంది. చోటు లేకపోతే ఆ భాగంలో వేగం తగ్గించడమో, బెల్టును పై అంతస్తుకు ఎక్కించి దింపడమో డిజైన్‌లోనే తేల్చుకోవాలి. సైట్‌లో చేయగలిగింది ఏమీ ఉండదు.

స్క్రీనర్ల లెక్క కూడా ఇలాగే. గంటకు 740 బ్యాగుల్లో 30 శాతం చిత్రాలు వస్తే 222. ఒక్కో చిత్రానికి 30 సెకన్లయితే 1.85 మంది పని. ఇద్దరితో సరిపెడితే ఊపిరి తీసుకునే వీలుండదు, ముగ్గురికి కుర్చీలు వేయండి. అదే 40 శాతం వస్తే 296 చిత్రాలు, దాదాపు రెండున్నర మంది పని. అప్పుడు నాలుగో కుర్చీకి కూడా కేబుల్ లాగి ఉంచుకోవాలి.

స్కానర్ లైన్లు రెండు పెట్టండి. ఒకటి ఆగినా మిగిలిన ఒక్కటే రద్దీ గంటను లాగగలగాలి. ఖర్చు తగ్గించే సమావేశంలో మొదట కత్తి పడేది ఈ రెండో లైను మీదే. వదులుకోవద్దు.

డ్రాయింగ్‌లో తరచూ మరిచిపోయే దారులు రెండు:

- తెరవాల్సిన బ్యాగు దగ్గరికి ప్రయాణికుడు ఎలా వస్తాడు? అప్పటికే భద్రతా తనిఖీ దాటి లోపల కూర్చుని ఉంటాడు. ఎవరు పిలుస్తారు, ఏ తలుపు గుండా తెస్తారు, మళ్లీ ఎలా పంపుతారు?
- నిజంగా ప్రమాదకరమని తేలిన బ్యాగు బయటికి ఏ దారిన పోతుంది? లోడర్లు పనిచేసే హాలు మధ్యలోంచి మాత్రం కాదు.

3. భవనం వాళ్లకు మీ అవసరాలు ముందే ఇవ్వండి

స్లాబు పోసిన తర్వాత రంధ్రం కొట్టించుకోవడం అంటే డబ్బు, సమయం, తగవు మూడూ. స్లాబు డ్రాయింగ్ ఖరారయ్యేలోపు సివిల్ కాంట్రాక్టర్ చేతికి రాతపూర్వకంగా వెళ్లాల్సినవి:

- ప్రతి గోడ, స్లాబు రంధ్రం: కొలత, మట్టం, బెల్టు మధ్యగీత
- స్కానర్ బరువు, దాని కాళ్ల కింద పడే భారం (సీటీ స్కానర్లు టన్నుల్లో తూగుతాయి, మీరు కొనే మోడల్ డ్రాయింగే ప్రమాణం)
- స్కానర్ లోపలికి వచ్చే దారి, పదేళ్ల తర్వాత బయటికి తీసే దారి కూడా
- పైకప్పుకు వేలాడే బెల్టుల భారం, ఏ బీముకు ఎంత
- బెల్టు పక్కన మనిషి నడిచి మరమ్మతు చేసే చోటు: 800 నుంచి 900 మి.మీ.
- కింద మనుషులు నడిచే చోట తల తగలని ఎత్తు: కనీసం 2.1 మీటర్లు
- విద్యుత్ లోడు, ప్యానెళ్ల గది, దానికి ఏసీ

పైకప్పు కింద అందరూ పోటీదారులే. ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు, కేబుల్ ట్రేలు, మీ బెల్టులు. వీటన్నిటినీ ఒకే త్రీడీ మోడల్‌లో పెట్టి ఢీకొట్టే చోట్లు తీయించండి. ఎవరు పక్కకు జరగాలన్న దానికి సూత్రం ఒక్కటే: వంపు తిప్పలేనిది కదలదు. పైపు వంగుతుంది. 15 డిగ్రీల ఏటవాలు బెల్టు వంగదు.

ఏటవాలు 12 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మంచిది. 15కు పోతే కొత్త చక్రాల సూట్‌కేసులు వెనక్కి దొర్లుతాయి, ఏ బ్యాగు ఎక్కడుందో సిస్టమ్ పెట్టుకునే లెక్క (ట్రాకింగ్) తప్పుతుంది.

ఇక్కడి వాతావరణం సంగతి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బ్యాగులు సర్దే హాలుకు సాధారణంగా ఏసీ ఉండదు. మోటారు వేగాన్ని నడిపే వీఎఫ్‌డీలు చాలావరకు 40 డిగ్రీల దాకానే పూర్తి సామర్థ్యం ఇస్తాయి. అందుకే ప్యానెల్ గదిలోనే ఏసీ, లేదా ఒక సైజు పెద్ద డ్రైవు. నవంబరు వానల కోసం ప్యానెళ్లను నేల మీంచి కనీసం 200 మి.మీ. దిమ్మె మీద నిలబెట్టండి. ట్రాలీలు వచ్చే తలుపుల దగ్గర నేల వాలు బయటికి ఉండాలి.

4. ఎవరి పని ఎక్కడ ఆగుతుందో కాగితం మీద పెట్టండి

సైట్‌లో రోజులు పోయేది 'అది మా పరిధి కాదు' అన్న మాట దగ్గరే. టెండరు దశలోనే ఒక పట్టిక తయారుచేసి ప్రతి అతుకుకూ ఒక్క పేరు రాయండి. రెండు పేర్లు రాస్తే ఎవరూ చేయరు.

తప్పక తేలాల్సినవి:

- ప్యానెల్‌కు వచ్చే కరెంటు కేబుల్ ఎవరిది, చివర బిగించేది ఎవరు
- ఫైర్ షట్టర్ ఎవరిది, దానికీ బెల్టుకూ మధ్య సిగ్నల్ ఎవరిది
- స్కానర్‌కూ పీఎల్‌సీకీ (బెల్టులను నడిపే కంట్రోల్ కంప్యూటర్) మధ్య సంకేతాల జాబితాకు యజమాని ఎవరు
- విమానసంస్థల నుంచి వచ్చే బ్యాగు సందేశాల లైను ఎవరు తెస్తారు
- కౌంటర్ల ఫర్నిచర్‌కూ తూకం బెల్టుకూ మధ్య సందు ఎవరు మూస్తారు
- ఎక్స్‌రే యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి పత్రాలు ఎవరు తెస్తారు

5. ఫ్యాక్టరీ పరీక్ష

క్లుప్తంగా. బెల్టుల నాణ్యత చూసి ఫొటోలు దిగి రావడానికైతే వెళ్లక్కర్లేదు. మీరు చూడాల్సింది కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను. సిస్టమ్ నమూనాను కంప్యూటర్‌లో నడిపించి, ఒక స్కానర్ ఆపమనండి. ఒక ట్యాగ్ చదవకుండా చేయమనండి. బ్యాగు ఎటు పోయిందో స్క్రీన్ మీద చూపించమనండి. అక్కడ గంటలో సరిచేసేది సైట్‌లో వారం తింటుంది.

మీ సర్వేలో తేలిన బ్యాగు రకాలు ఒక డజను అక్కడికి ముందే పంపండి. వాళ్ల దగ్గరుండే టెస్ట్ బ్యాగులన్నీ నున్నటి పెట్టెలే.

6. రవాణా, నిల్వ

విదేశీ సరుకు చెన్నై రేవులో దిగితే తిరుత్తణి, పుత్తూరు మీదుగా రేణిగుంటకు లారీలో వస్తుంది. దూరం సమస్య కాదు, వరుసే సమస్య. ముందు బిగించేది ముందు రావాలి. ప్యాకింగ్ లిస్టును బిగింపు వరుసకు కట్టి పంపమని ఒప్పందంలోనే రాయండి. లేకపోతే కరౌసెల్ (బ్యాగులు చుట్టూ తిరిగే బెల్టు) పలకలు మొదటి కంటెయినర్‌లో, వాటికి కాళ్లు ఆఖరి దాంట్లో వస్తాయి.

బెల్టు చుట్టలు ఎండ తగలని నీడలో, మోటార్లు, సెన్సర్లు తాళం వేసిన గదిలో ఉండాలి. స్కానర్లను మాత్రం గది పూర్తయి, గ్రానైట్ కోత ఆగి, ఏసీ తిరిగే దాకా సైట్‌కు తెప్పించొద్దు. రాతి పొడి లోపలికి పోయిన స్కానర్‌కు వారంటీ వర్తిస్తుందా లేదా అన్న వాదన నెలల తరబడి సాగుతుంది.

విమానాశ్రయంలో పనిచేసే ప్రతి మనిషికీ ప్రవేశ పాసు కావాలి, దానికి పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. ఫిట్టర్ల పేర్లు పని మొదలవడానికి రెండు నెలల ముందే ఇచ్చేయండి. మనుషులు మారిపోతుంటారు గనుక పది మంది కావలసినచోట పదిహేను మందికి పాసులు చేయించండి.

7. బిగింపు వరుస

1. బెల్టు మధ్యగీతలు, మట్టాలు నేల మీద, గోడల మీద గుర్తించండి. భవనం డ్రాయింగ్ నుంచి కాదు, కట్టిన భవనం కొలిచి.
2. పైకప్పు వేలాడే ఇనుము, మరమ్మతు నడకదారులు.
3. పైనుండే బెల్టులు. కింది నేల ఖాళీగా ఉన్నప్పుడే ఇవి అయిపోవాలి.
4. ఏటవాలు, మలుపు, కలిసే చోట్ల బెల్టులు.
5. కరౌసెల్‌లు.
6. కేబుల్ ట్రేలు, ప్యానెళ్లు, సెన్సర్లు, అత్యవసర స్టాప్ బటన్లు.
7. స్కానర్లు.
8. కౌంటర్ల బెల్టులు ఆఖరున. ముందే పెడితే ఫ్లోరింగ్ వాళ్లకు అవే బల్లలవుతాయి.

రెండు బెల్టులు కలిసే సందును ప్రత్యేకంగా చూడండి. డఫెల్ బ్యాగు పట్టీ దూరేంత సందు ఉంటే, ఏదో ఒకరోజు దూరుతుంది. పట్టీ రోలరుకు చుట్టుకుంటుంది, బ్యాగు చిరుగుతుంది, లైను ఆగుతుంది. ప్రతి సందులో ఒక గుడ్డ పట్టీ పెట్టి లాగి చూడమని ఫిట్టరుకు చెప్పండి. ఒక్క రోజు పని. పట్టీ దూరినచోట గార్డు ప్లేటు సరిచేయాలి.

కొత్త బెల్టు పక్కకు జరుగుతుంటే రోలరును ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. పావు చుట్టు తిప్పి, బెల్టును పది చుట్లు తిరగనిచ్చి, మళ్లీ చూడాలి.

8. పరీక్షలు: ఇక్కడ తొందరపడొద్దు

భవనం ఆలస్యమైతే ఆ ఆలస్యమంతా పరీక్షల సమయంలోంచే కోస్తారు. ప్రారంభ తేదీ ముందే ప్రకటించేసి ఉంటారు కాబట్టి వేరే దారి కనపడదు. దీన్ని ఆపే మార్గం ఒక్కటే: 'పరీక్షలకు 12 వారాలు' అని కాకుండా, 'ఈ పరీక్ష పాసైన ఇన్ని రోజులకు ప్రారంభం' అని మొదటి షెడ్యూలులోనే రాయించి సంతకాలు తీసుకోవడం.

మెట్లు ఇవీ. ఒక మెట్టు పాసు కాకుండా తర్వాతిదానికి పోవద్దు.

మెట్టు ఒకటి, ఒక్కో బెల్టు. మోటారు సరైన దిక్కుకు తిరుగుతోందా, ప్రతి సెన్సర్ పీఎల్‌సీలో దాని పేరుతోనే కనిపిస్తోందా. ప్రతి అత్యవసర స్టాప్ నొక్కి చూడాలి, నమూనాకు నాలుగు కాదు. ఏ స్టాప్‌కు ఏ భాగం ఆగుతుందో బటన్ పక్కనే తెలుగులోనూ రాసి అంటించండి. లోడర్ కంగారులో ఉన్నప్పుడు చదివేది అదే.

మెట్టు రెండు, ట్రాకింగ్. కౌంటర్ దగ్గర ఎక్కిన బ్యాగు ఎక్కడుందో పీఎల్‌సీకి ప్రతి క్షణం తెలియాలి. ఏటవాలు మీద జారినా, మలుపులో తిరగబడినా లెక్క తప్పుతుంది. పల్చటి బ్యాగు సెన్సర్ కిరణం కింద నుంచి జారిపోతుంది. పొడవాటి పట్టీ వేలాడితే ఒక బ్యాగు రెండుగా కనిపిస్తుంది. ఒక్కో రకం బ్యాగు 100 చొప్పున పంపి ఎన్ని తప్పిపోయాయో రాయండి. ఎక్కువ తప్పులు ఒకే చోట పడుతుంటే సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోకముందు ఆ సెన్సర్ బ్రాకెట్ వదులైందేమో చూడండి.

మెట్టు మూడు, స్క్రీనింగ్ నిర్ణయం. ఇక్కడ రాజీ లేని సూత్రం: సిస్టమ్‌కు గుర్తు తప్పిన బ్యాగు తనిఖీ కాని బ్యాగే. డైవర్టర్‌కు సిగ్నల్ రాకపోయినా, కరెంటు పోయినా, బ్యాగు విమానం వైపు పోకూడదు, తనిఖీ వైపే పోవాలి. దీన్ని నిజంగా కరెంటు తీసి చూడండి. బ్యాగులు స్కానర్‌కూ డైవర్టర్‌కూ మధ్య ఉన్నప్పుడు మెయిన్ స్విచ్ దించండి. జనరేటర్ అందుకున్నాక ఆ బ్యాగులన్నీ మళ్లీ తనిఖీకి పోయాయా లేదా చూడండి. అలాగే అన్ని మోటార్లూ ఒకేసారి లేవకుండా వరుసగా లేస్తున్నాయా.

మెట్టు నాలుగు, ఫైర్ షట్టర్. గోడ రంధ్రంలో బ్యాగు ఉండగా మంట సంకేతం ఇవ్వండి. వెనక బెల్టు ఆగాలి, ముందు బెల్టు ఆ బ్యాగును బయటికి లాగేయాలి, అప్పుడే షట్టర్ దిగాలి. షట్టర్ బ్యాగు మీద దిగి ఆగిపోతే ఫైర్ ఎన్‌ఓసీ దగ్గర బండి నిలిచిపోతుంది.

మెట్టు అయిదు, నిండు లోడు. గంటకు 740 వేగం ఒక గంట నిలబెట్టాలి. 300 టెస్ట్ బ్యాగులుంటే ఒక్కోటి గంటలో రెండున్నరసార్లు తిరగాలి, అంటే కౌంటర్ నుంచి కరౌసెల్‌కు వెళ్లి, ట్రాలీలో తిరిగివచ్చి, కొత్త ట్యాగ్ కట్టించుకోవడం 24 నిమిషాల్లో అయిపోవాలి. ట్రాలీలు, మనుషులు, ట్యాగ్ ప్రింటర్లు ఆ లెక్కన సిద్ధం చేయండి. ఈ పరీక్ష విఫలమయ్యేది చాలాసార్లు బ్యాగులు వెనక్కి తెచ్చే మనుషులు చాలకనే.

టెస్ట్ బ్యాగుల కలగలుపు ఇక్కడికి ఇలా ఉంటే పనికొస్తుంది (ప్రతి 100కు):

- 40 చక్రాల సూట్‌కేసులు, సగం గట్టివి, సగం గుడ్డవి
- 20 భుజం పట్టీల డఫెల్‌లు
- 15 నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టెలు
- 10 వీపు సంచులు
- 10 ట్రేలో పెట్టిన గుడ్డ సంచులు, లడ్డూ డబ్బాలతో
- 5 వింతవి: చుట్టిన చాప, పిల్లల బండి, ఇత్తడి విగ్రహం ఉన్న పెట్టె, కాళహస్తి కలంకారీ చుట్ట, కొయ్యబొమ్మల పెట్టె

బరువులు 3 కిలోల నుంచి 32 దాకా ఉండాలి. అన్నిటిలో ఒకే ఇసుక సంచి వేసి తూకం సరిపెట్టొద్దు.

మెట్టు ఆరు, విమానసంస్థల సందేశాలు. ట్యాగ్ మీద 10 అంకెలుంటాయి. మొదటిది ట్యాగ్ రకం, తర్వాతి మూడు విమానసంస్థ, మిగతా ఆరు వరుస సంఖ్య. ఇండిగో బ్యాగుకు 0312తో, ఎయిర్ ఇండియాకు 0098తో మొదలవడం చూడొచ్చు. ప్రయాణికుడు చెక్-ఇన్ కాగానే విమానసంస్థ కంప్యూటర్ నుంచి ఆ 10 అంకెలతో ఒక సందేశం మీ సిస్టమ్‌కు రావాలి. అది రాకపోతే ట్యాగ్ ఎంత బాగా చదివినా బ్యాగు ఏ విమానానిదో తెలియదు.

లండన్ హీత్రూ అయిదో టెర్మినల్ 2008 మార్చి 27న తెరిచినప్పుడు జరిగిన దాంట్లో ఇదీ ఒకటి. పరీక్షల సమయంలో సందేశాలు అసలు వ్యవస్థలోకి పోకుండా పెట్టిన ఫిల్టర్ తీయడం మరిచిపోయారు. అందుకే మీ జాబితాలో 'పరీక్ష కోసం పెట్టినవి, తీసేయాల్సినవి' అని ఒక పేజీ ఉండాలి: ఫిల్టర్లు, బైపాస్ తీగలు, నకిలీ విమాన నంబర్లు, ఫోర్స్ చేసిన సిగ్నళ్లు. పెట్టినవాళ్లు కాకుండా ఇంకొకరు చూసి సంతకం చేయాలి.

సందేశాల లైను తెగినప్పటికీ పని ఆగకూడదు. దానికి 1తో మొదలయ్యే ఫాల్‌బ్యాక్ (ఆపద్ధర్మ) ట్యాగులు ముందే ముద్రించి, ఒక్కో విమానానికి ఒక కట్ట కౌంటర్‌లో ఉంచండి. వాటితో ఒక పూట నడిపి చూడండి.

ఇంకోటి: ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన రవాణా సంఘం) 753వ తీర్మానం 2018 జూన్ నుంచి అమల్లో ఉంది. బ్యాగు ప్రయాణికుడి నుంచి అందినప్పుడు, విమానంలో ఎక్కినప్పుడు, చేతులు మారినప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు నమోదు కావాలి. విమానసంస్థలు మీ సిస్టమ్ నుంచి ఆ సమాచారం అడుగుతాయి. ఏ రూపంలో కావాలో ముందే అడిగి పెట్టుకోండి.

మెట్టు ఏడు, ఎడతెగకుండా 72 గంటలు. మధ్యలో సాఫ్ట్‌వేర్ మారిస్తే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలు.

9. సర్దే హాలు, వచ్చే బ్యాగులు

ఒక ఏ320కి పైలెక్కన సుమారు 134 బ్యాగులు. ట్రాలీకి 40 పడితే నాలుగు ట్రాలీలు. ఒక్కోదానికి, దాని కొండీతో సహా, 4 మీటర్లు. అంటే ఒక్కో విమానానికి కరౌసెల్ పక్కన 16 మీటర్లు. ఒకేసారి మూడు విమానాలు తెరిచి ఉంటే 48 మీటర్లు. గుండ్రటి మూలల దగ్గర ట్రాలీ నిలవదు, ఆ పొడవు తీసేసి లెక్కపెట్టండి.

వచ్చే బ్యాగుల వైపు యంత్రాలు తేలికే, గడియారమే కష్టం. ఆఖరి బ్యాగు 30 నిమిషాల్లో బెల్టు మీద పడాలని 2024 ఫిబ్రవరిలో బీసీఏఎస్ విమానసంస్థలను ఆదేశించింది. విమానం నిలిచే చోటు నుంచి దింపే బెల్టు దాకా ట్రాక్టర్ నడిపించి సమయం కొలవండి.

10. పాతదాని నుంచి కొత్తదానికి మారడం

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వదిలేయండి. ఆషాఢంలో పెళ్లి ప్రయాణాలుండవు కాబట్టి సామాను కాస్త తేలిక. వారంలో మంగళ, బుధవారాలు మేలు, శని ఆదివారాలు వద్దు.

- అన్ని విమానసంస్థలనూ ఒక్క రాత్రిలో మార్చొద్దు. తక్కువ విమానాలున్న సంస్థతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజుల ఎడంతో మిగతావి.
- ఒకే విమానం బ్యాగులను రెండు సిస్టమ్‌లలో పంచొద్దు.
- పాత ఎక్స్‌రే, పాత ట్రాలీ దారి కనీసం రెండు వారాలు కరెంటుతో, మనుషులతో సిద్ధంగా ఉండాలి.
- వెనక్కి వెళ్లే నిర్ణయం ఎవరిదో పేరు రాయండి. ఎన్ని నిమిషాలు లైను ఆగితే వెళ్లాలో కూడా. 20 నిమిషాలు సరైన హద్దు.
- లోడర్లకు, కౌంటర్ సిబ్బందికి, స్క్రీనర్లకు, సీఐఎస్‌ఎఫ్ వాళ్లకు కొత్త దారుల్లో నడిపించి చూపాలి. పార్కింగ్ ఎక్కడ, పాసు ఏ తలుపుకు పనిచేస్తుంది అన్నదాంతో సహా.

కౌంటర్ సిబ్బందికి నేర్పాల్సింది నాలుగు మాటల్లో అయిపోతుంది: పాత ట్యాగులు పీకేయండి, పట్టీలు లోపలికి దోపండి, చక్రాలు కిందికి కాకుండా పడుకోబెట్టండి, మెత్తటివి ట్రేలో పెట్టండి. ఎండు కొబ్బరి, కర్పూరం బ్యాగులో ఉన్నాయా అని ఇక్కడ అడగాల్సిందే. రెండూ మంట అంటుకునే సరుకు కింద చెక్-ఇన్ బ్యాగులో నిషిద్ధం. కౌంటర్ దగ్గరే తీయిస్తే తనిఖీ గదిలో క్యూ తగ్గుతుంది.

11. తరచూ వచ్చే లోపాలు

ట్యాగులు చదవడం లేదు. మొదట ప్రింటర్ చూడండి, ముద్రణ వెలిసిపోయి ఉంటుంది. తర్వాత పాత ట్యాగులు: ఒకే బ్యాగు మీద రెండు నంబర్లు కనపడితే యంత్రం ఏదీ తీసుకోదు. ఆ తర్వాతే రీడర్ అద్దాలు తుడిచే పని.

కలిసే చోట జామ్. పక్క బెల్టు నుంచి వచ్చే బ్యాగుకు ముందు బెల్టు మీద ఖాళీ చాలడం లేదు. కౌంటర్ల నుంచి బ్యాగులు వదిలే వ్యవధి కొద్దిగా పెంచండి. ప్రధాన బెల్టు వేగం పెంచితే జామ్ ముందుకు జరుగుతుందంతే.

మధ్యాహ్నం పూటే డ్రైవులు ట్రిప్ అవుతున్నాయి. ప్యానెల్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది, లేదా ఏసీ ఆపేశారు.

గట్టి తనిఖీ గదిలో బ్యాగుల గుట్ట. స్క్రీనర్లు నిర్ణయించకముందే సమయం అయిపోతోంది. లాగ్ తీసి చూస్తే ఏ షిఫ్టులో, ఏ బ్యాగులకో తెలుస్తుంది. కుర్చీ ఖాళీగా ఉందా, చిత్రాలు ఎక్కువయ్యాయా అన్నవి వేరువేరు రోగాలు. యంత్రం సున్నితత్వం తగ్గించమని సరఫరాదారును అడగడం మాత్రం మీ చేతిలోని పని కాదు.

12. అప్పగింతలో తీసుకోవాల్సినవి

- పీఎల్‌సీ, స్కాడా (సిస్టమ్‌ను తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్) అసలు ప్రోగ్రాములు, వాటి పాస్‌వర్డ్‌లు, లైసెన్సులు. ఇవి లేకుండా ఆఖరి బిల్లు పాస్ చేయొద్దు
- ప్రతి వీఎఫ్‌డీ సెట్టింగుల కాపీ
- కట్టినట్టుగా ఉన్న డ్రాయింగులు, కేబుల్ నంబర్లతో
- విడిభాగాలు: ప్రతి సైజు బెల్టు కనీసం ఒకటి, ప్రతి రకం మోటారు ఒకటి, సెన్సర్లు మొత్తంలో పదో వంతు, సెట్టింగులు ముందే ఎక్కించిన వీఎఫ్‌డీలు రెండు, డైవర్టర్ డ్రైవు ఒకటి
- జామ్ తీయడం, బెల్టు సరిచేయడం, ఫాల్‌బ్యాక్‌లో నడపడం స్థానిక టెక్నీషియన్లు తమంతట తాము చేసి చూపినట్టు సంతకాలు

మొదటి నెల రోజులు ప్రతి ఉదయం మొదటి విమానానికి ముందు అయిదు అంకెలు రాసి పెట్టండి: నిన్న జామ్‌లు ఎన్ని, ట్యాగ్ చదివిన శాతం, ట్రాకింగ్ తప్పిన బ్యాగులు, గట్టి తనిఖీకి వెళ్లిన శాతం, విమానం తప్పిన బ్యాగులు. సరఫరాదారు ఇంజినీరు ఆ నెలంతా సైట్‌లోనే ఉండాలి, ఫోన్‌లో కాదు. ఏ అంకె అయినా వరుసగా మూడు రోజులు పెరిగితే ఆ రాత్రి విమానాలు లేని గంటల్లోనే లైను విప్పి చూడండి.